వేగంగా వాయించే సింథ్ బేస్‌కు ఎన్వలప్ ఫిల్టర్ పెడల్ ఎంచుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో ఆర్కెస్ట్రాలలోనో చర్చి క్వయర్లలోనో బేస్ గిటార్ వాయించేవారికి కొన్నేళ్లుగా ఒక అదనపు బాధ్యత వచ్చిపడింది. ఇప్పటి సినిమా పాటల్లో బేస్ చాలావరకు సింథసైజర్ మీద పుట్టినదే కనుక, భీమవరం రిసెప్షన్‌లోనైనా, అమలాపురం తీర్థంలోనైనా, కీబోర్డు కళాకారుడి రెండు చేతులూ స్ట్రింగ్స్‌తో, బ్రాస్‌తో నిండిపోయి ఉన్న సమయంలో, ఆ "వౌ-వౌ-డుబ్-వౌ" అనే బేస్ లైను మన నాలుగు తీగల మీద నుంచే రావాలని అడుగుతున్నారు. తీగ శబ్దానికి ఆ నోరు తెరిచి మూసే గుణాన్ని ఇచ్చే సాధనం ఎన్వలప్ ఫిల్టర్. మార్కెట్లో ఇవి పదుల సంఖ్యలో ఉన్నాయి, వీడియోలలో అన్నీ బాగానే వినిపిస్తాయి. అయితే ఆ వీడియోలలో ఎక్కువమంది నెమ్మదిగా, విడివిడిగా వాయిస్తారు. వేగంగా వాయించినప్పుడు పెడల్ ఎంత గొప్పగా తెరుచుకుంటుందన్న దానికంటే ఎంత త్వరగా మూసుకుంటుందన్నదే ముఖ్యం. ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. మరొక చిన్న మాట: ఇక్కడ "బేస్" అంటే మన వాద్యం, "బాస్" అంటే పెడళ్లు తయారుచేసే జపాను కంపెనీ.

నేను ఈ సంగతిని డబ్బు పోసి నేర్చుకున్నాను. ఒక నగరంలోని దుకాణంలో పాత పద్ధతిలో తయారైన ఒక ఫిల్టర్‌ను అరగంట వాయించి చూశాను, దాని స్వరం తేనెలా అనిపించింది, కొనుక్కుని వచ్చాను. ఆ వారంలోనే రావులపాలెం దగ్గర ఒక పెళ్లిలో 140 టెంపో (నిమిషానికి 140 బీట్ల) పాటకు దాన్ని తొక్కాను. మొదటి నోటుకు నోరు తెరుచుకుంది, పాట అయ్యేదాకా మళ్లీ మూసుకోలేదు. విరామంలో కీబోర్డు తమ్ముడు నా దగ్గరకు వచ్చి, "అన్నయ్యా, నువ్వు నాలుగు నోట్లు మీటుతున్నావు గానీ బయటికి ఒకటే మూలుగు వస్తోంది" అన్నాడు. పెడల్‌లో లోపమేమీ లేదు. అది ఆ పనికి తయారైనది కాదు, కొనే ముందు ఏం పరీక్షించాలో నాకు తెలియదు. మీకు ఆ ఇబ్బంది రాకూడదనే ఈ వివరమంతా రాస్తున్నాను.

ముందుగా మీ పాటల వేగాన్ని లెక్కవేయండి

పెడళ్ల పేర్లు వెతకడానికి ముందు ఒక కాగితం తీసుకుని, ఈ స్వరం కోసం మీరు వాడబోయే నాలుగైదు పాటల టెంపోలను రాసుకోండి. ఫోన్‌లోని ఏ మెట్రోనోమ్ యాప్‌లోనైనా పాటకు తగ్గట్టు వేలితో తడితే టెంపో చూపిస్తుంది. 60,000ను ఆ టెంపోతో భాగిస్తే ఒక బీటుకు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. దాన్ని మళ్లీ నాలుగుతో భాగిస్తే "తకధిమి"లో ఒక్కో అక్షరానికి దొరికే సమయం వస్తుంది. 100 టెంపోలో అది 150 మిల్లీసెకన్లు, 120లో 125, 140లో సుమారు 107. అంటే 140 టెంపోలో పదహారో భాగపు నోట్లు వాయించేటప్పుడు ఫిల్టర్ తెరుచుకోవడం, శబ్దం పలకడం, మళ్లీ పూర్తిగా మూసుకోవడం అన్నీ సెకనులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ సమయంలో ముగియాలి. మీ పాటలన్నీ 90–100 మధ్యలో, ఎనిమిదో భాగపు నోట్లతో ఉంటే మీకు దాదాపు ఏ మంచి పెడల్ అయినా సరిపోతుంది. కింద చెప్పే కష్టాలలో సగం మీకు తగలవు.

లోపల జరిగే పనిని అర్థం చేసుకోండి

ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల మీద నిలబడి చూసినవారికి ఈ పెడల్ పనితీరు వెంటనే అర్థమవుతుంది. కాలువలో నీటిమట్టాన్ని చూస్తూ లస్కరు తలుపును ఎత్తుతాడు, దించుతాడు. పెడల్‌లో ఆ నీరు మీరు మీటిన తీగ శబ్దం, తలుపు ఫిల్టర్, ఆ లస్కరు పనిచేసే భాగానికి పేరు ఎన్వలప్ ఫాలోయర్. మీరు గట్టిగా మీటితే అతడు తలుపును ఎక్కువ ఎత్తుతాడు, అప్పుడు పైస్థాయి శబ్దాలు కూడా బయటికి వచ్చి స్వరం వెలుగుతుంది. శబ్దం తగ్గగానే తలుపు దించుతాడు, స్వరం మసకబారుతుంది. ఆ వెలుగు-మసకల మార్పే "వౌ". ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగురవేసినట్టు, ఎంత బలమైన మీటుకు కదలాలో లస్కరుకు చెప్పే గుండీనే సెన్సిటివిటీ లేదా థ్రెషోల్డ్. నీరు తగ్గిన తర్వాత తలుపును ఎంత త్వరగా దించాలో చెప్పే గుండీ డికే. చాలామంది మొదటి గుండీతోనే ఆడుకుంటూ, రెండో గుండీ అసలు ఉందో లేదో కూడా చూడకుండా కొంటారు.

నిజమైన సింథసైజర్‌లో ఈ లస్కరు నీటిమట్టాన్ని చూడడు. మీట నొక్కగానే ప్రతిసారీ ఒకే కొలతలో తలుపు ఎత్తి, ఒకే కొలతలో దించుతాడు. అందుకే సింథ్ బేస్‌లో ప్రతి నోటూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది. మనం ఎన్వలప్ ఫిల్టర్‌తో ఆ స్వరాన్ని కోరుకున్నప్పుడు, పెడల్ చేయలేని ఆ సమానత్వాన్ని మన కుడిచేతి వేళ్లే తీసుకురావాలి. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

మూసుకునే వేగాన్నే మొదట పరీక్షించండి

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది బేస్‌కే ప్రత్యేకం. బేస్ గిటార్‌లో కింది ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఒక్కో కంపనానికి దాదాపు 24 మిల్లీసెకన్లు పడుతుంది. అయిదు తీగల గిటార్‌లోని కింది బి తీగకు అయితే 32 మిల్లీసెకన్లు. అంటే 140 టెంపోలోని ఒక పదహారో భాగపు నోటులో కింది ఇ తీగ నాలుగు సార్లకు మించి కాస్త మాత్రమే ఊగుతుంది. ఎన్వలప్ ఫాలోయర్ ఆ ఊగును ఒక కెపాసిటర్ సాయంతో చదును చేసి, "ఇంత బిగ్గరగా ఉంది" అనే ఒక అంకెగా మారుస్తుంది. చదును ఎక్కువ చేస్తే తలుపు నెమ్మదిగా దిగుతుంది, నోట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చదును తక్కువ చేస్తే తలుపు వేగంగా దిగుతుంది గానీ, తీగ ఊగిన ప్రతిసారీ తలుపు కూడా వణుకుతుంది. ఆ వణుకు చెవికి గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు వినిపిస్తుంది. మామూలు గిటార్ కోసం తయారైన ఫిల్టర్లను బేస్‌తో వేగంగా వాయించినప్పుడు కింది తీగల మీద వచ్చే ఆ గరగరకు కారణం ఇదే. కనుక మీరు వెతకాల్సింది అత్యంత వేగంగా మూసుకునే పెడల్‌ను కాదు. కింది ఇ తీగ మీద గరగర రానంత వరకు ఎంత వేగంగా మూసుకోగలదో ఆ వేగాన్ని చూడాలి. డికే గుండీ ఉన్న పెడల్ అయితే ఆ మధ్యస్థానాన్ని మీరే వెతుక్కోవచ్చు.

పాత పద్ధతి ఫిల్టర్లలో మరొక సంగతి కూడా ఉంది. 1972లో మ్యూజిట్రానిక్స్ కంపెనీకి మైక్ బైగెల్ రూపొందించిన మ్యూట్రాన్-3 అనే పెడల్ ఈ జాతికి పెద్దన్న. బూట్సీ కాలిన్స్ బేస్‌లో, స్టీవీ వండర్ వాయించిన క్లావినెట్ అనే కీబోర్డులో ఆ స్వరాన్ని ప్రపంచం విన్నది. దానిలో తలుపును కదిలించేది ఒక చిన్న దీపం, దాని వెలుతురు పడితే నిరోధం మార్చుకునే ఒక ఫోటోసెల్. ఫోటోసెల్‌కు వెలుతురు పడగానే స్పందన చాలా త్వరగా వస్తుంది, వెలుతురు పోయిన తర్వాత తేరుకోవడానికి మాత్రం ఎక్కువ సమయం పడుతుంది. ఫంక్ పాటల్లో ఆ బద్ధకమే అందం. నోటు చివర మెత్తగా జారిపోతుంది. వేగమైన సింథ్ లైన్లలో మాత్రం అదే బద్ధకం అడ్డు. ఫోటోసెల్ బదులు ట్రాన్సిస్టర్లతో గానీ చిప్‌లతో గానీ తలుపును కదిలించే పెడళ్లకు ఈ ఇబ్బంది ఉండదు, వాటిలో వేగమంతా ఎన్వలప్ ఫాలోయర్ కెపాసిటర్ మీదనే ఆధారపడుతుంది. కొనే ముందు ఆ పెడల్ లోపల ఉన్నది ఏ రకమో అడిగి తెలుసుకోండి. దుకాణదారుకు తెలియకపోతే కంపెనీ మాన్యువల్‌లో సాధారణంగా ఉంటుంది.

తెరుచుకునే దిశను, ఫిల్టర్ రకాన్ని ఎంచుకోండి

చాలా పెడళ్లలో అప్, డౌన్ అని రెండు దిశలు ఉంటాయి. అప్‌లో గట్టిగా మీటితే స్వరం వెలుగుతుంది, శబ్దం తగ్గుతూ మసకబారుతుంది. డౌన్‌లో దీనికి తలకిందులు. వేగమైన సింథ్ బేస్‌కు అప్ దిశనే వాడండి, ఎందుకంటే నోటు మొదట్లోనే పై శబ్దాలు పుట్టి వెంటనే మూసుకుపోవడమే ఆ స్వరపు ప్రాణం. తెరుచుకునే వేగానికి, అంటే అటాక్‌కు, స్విచ్ ఉంటే ఫాస్ట్‌లో పెట్టండి. అటాక్ నెమ్మదిగా ఉంటే "వా" అని మొదలవుతుంది, 107 మిల్లీసెకన్లలో ఆ "వా" పూర్తికాకముందే తర్వాతి నోటు వచ్చేస్తుంది.

ఫిల్టర్ రకాల్లో లో-పాస్, బ్యాండ్-పాస్, హై-పాస్ అని మూడు కనిపిస్తాయి. లో-పాస్ కింది శబ్దాన్ని ఎప్పుడూ పోనిస్తూనే ఉంటుంది, పైదాన్ని మాత్రమే తెరిచి మూస్తుంది. బ్యాండ్-పాస్ మధ్యలో ఒక పట్టీని మాత్రమే వదులుతుంది కనుక "వౌ" ఎక్కువగా పలుకుతుంది గానీ కింది బలం పోతుంది. సింథ్ బేస్‌కు లో-పాస్ తప్పనిసరి అని నేను నమ్ముతాను. సింథసైజర్‌లో బేస్ సాధారణంగా లో-పాస్ గుండానే వస్తుంది. మినీమోగ్ అనే సింథసైజర్‌లో ఆ ఫిల్టర్ ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున కోస్తుంది. మ్యూట్రాన్ తరహా పెడళ్లలో అది 12 డెసిబెల్స్ మాత్రమే. 24 డెసిబెల్స్ కోత మూసుకున్నప్పుడు స్వరాన్ని బాగా చీకటి చేస్తుంది, కనుక తెరుచుకున్నప్పటి వెలుగు అంత స్పష్టంగా తెలుస్తుంది. ఆ లోతు ఎంత కావాలో మీ చెవే చెప్పాలి.

క్యూ లేదా పీక్ అని ఉండే గుండీ తలుపు అంచున శబ్దాన్ని ఎంత పదునుగా పెంచాలో చెబుతుంది. సగానికి కొంచెం పైన పెట్టి మొదలుపెట్టండి. దానిని చివరిదాకా తిప్పితే గదిలో వినసొంపుగా ఈల వేసినట్టు ఉంటుంది గానీ, తీర్థంలో పెట్టే పెద్ద సబ్ వూఫర్ల ద్వారా ఆ పదును స్పీకర్ల మీద, జనం చెవుల మీద దెబ్బలా పడుతుంది.

బ్లెండ్ లేదా డ్రై గుండీ గురించి ఒక జాగ్రత్త. బ్యాండ్-పాస్ పెడల్‌లో కింది బలం కోసం మామూలు శబ్దాన్ని కలపక తప్పదు. లో-పాస్‌లో మాత్రం డ్రై ఎంత ఎక్కువ కలిపితే అంత సింథ్ స్వభావం పోయి "గిటార్ మీద ఏదో పూసినట్టు" వినిపిస్తుంది. సింథసైజర్‌లో సాధారణంగా ఫిల్టర్ దాటని శబ్దమంటూ ఉండదు గనుక, డ్రైని సున్నా వద్ద మొదలుపెట్టి అవసరమైతేనే కొద్దికొద్దిగా పెంచండి.

ఏ పెడల్ దేనికి తగినది

ఎంఎక్స్‌ఆర్ కంపెనీ ఎం82 బేస్ ఎన్వలప్ ఫిల్టర్‌లో డ్రై, ఎఫెక్ట్, డికే, క్యూ, సెన్సిటివిటీ గుండీలు విడివిడిగా ఉంటాయి. డికే గుండీ ఉండడం, దానితో పాటు డ్రైను వేరుగా తగ్గించుకోగలగడం వల్ల వేగమైన లైన్లకు మొదటి పెడల్‌గా నేను దీన్నే చెబుతాను. అగ్విలార్ ఫిల్టర్ ట్విన్‌లో రెండు ఫిల్టర్లు ఎదురెదురు దిశల్లో కదులుతాయి, ఒకదాని వేగాన్ని, మరొకదాని వేగాన్ని వేర్వేరు గుండీలతో నిర్ణయించవచ్చు. కనుక మాటలాడుతున్నట్టుండే స్వరాలు దానిలో తేలికగా వస్తాయి గానీ, దానిని సరిగా పెట్టుకోవడానికి ఇంట్లో ఎక్కువ సమయం పడుతుంది. బాస్ కంపెనీ ఏడబ్ల్యూ-3 డైనమిక్ వాలో బేస్‌కు ప్రత్యేకంగా ఒక జాక్ ఉంటుంది, డికే గుండీ కూడా ఉంది. ఎలక్ట్రో-హార్మోనిక్స్ మైక్రో క్యూ-ట్రాన్ స్వరం అందమైనది, మ్యూట్రాన్ వంశానిదే. దానిలో డికే గుండీ లేకపోవడం వల్ల వేగమైన భాగాలకు చేతివేళ్ల మీదనే ఆధారపడాలి. అదే కంపెనీ క్యూ-ట్రాన్ ప్లస్‌లో అటాక్‌కు వేగం-నెమ్మది స్విచ్, ఒక ఎఫెక్ట్స్ లూప్ (మరో పెడల్‌ను మధ్యలో కలుపుకునే దారి) ఉన్నాయి. ఆ లూప్ విలువ పెడళ్ల క్రమం గురించి మాట్లాడేటప్పుడు తెలుస్తుంది.

మోగ్ కంపెనీ ఎంఎఫ్-101 లో-పాస్ ఫిల్టర్‌లో తలుపు కోతను 12, 24 డెసిబెల్స్ మధ్య మార్చే స్విచ్, ఎన్వలప్‌ను ఫాస్ట్-స్మూత్ మధ్య మార్చే స్విచ్ రెండూ ఉంటాయి. సింథ్ స్వరానికి నేను విన్నవాటిలో అత్యంత దగ్గరగా ఉన్నది అదే. ఇప్పుడు అది తయారు కావడం లేదు, పాతవి దొరికితే బరువు కూడా ఎక్కువ. ప్రతి వారం టాటా ఏస్‌లో సామాను ఎక్కించి దించే ఆర్కెస్ట్రా వారికి అది ఇల్లు కదలని పెడల్‌గానే ఉండిపోతుంది.

వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలనుకునేవారికి జూమ్ ఎంఎస్-60బి లాంటి చిన్న మల్టీ-ఎఫెక్ట్ పెడల్ ఉపయోగపడుతుంది. అందులో ఎన్వలప్ ఫిల్టర్ రకాలు ఉంటాయి, వాటితో మీకు ఏ తరహా స్వరం కావాలో తేల్చుకుని తర్వాత ప్రత్యేకమైన పెడల్‌కు వెళ్లవచ్చు. బాస్ ఎస్‌వైబి-5, సోర్స్ ఆడియో సి4 లాంటివి పూర్తి సింథ్ పెడళ్లు. అవి తీగ స్వరస్థాయిని (పిచ్‌ను) గుర్తించి తమ సొంత తరంగాలను పుట్టించగలవు. స్థాయిని గుర్తించడానికి కనీసం ఒక కంపనం పూర్తికావాలి కనుక, కింది ఇ తీగ మీద ఆ 24 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని వేగమైన చేతులు గమనిస్తాయి. పైరెండు తీగల మీద వాయించి, ఆక్టేవ్‌ను పెడల్‌తోనే కిందికి దించుకుంటే ఆ ఆలస్యం తగ్గుతుంది.

దుకాణంలో ఇలా పరీక్షించండి

మన డెల్టా పట్టణాల్లో ఈ పెడళ్లు అన్నీ దొరికే దుకాణాలు అరుదు కనుక, చాలామంది హైదరాబాదులోనో చెన్నైలోనో చూసి కొనాలి, లేదా తిరిగి పంపే అవకాశం ఉన్న చోట తెప్పించుకోవాలి. ఎక్కడైనా సరే, మీ సొంత బేస్‌నే తీసుకువెళ్లండి. బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్‌కు, లేని ప్యాసివ్ బేస్‌కు శబ్దం బలంలో పెద్ద తేడా ఉంటుంది. దుకాణంలోని వేరొక బేస్‌తో సెన్సిటివిటీని సరిచూసుకుంటే ఇంటికి వచ్చాక ఆ కొలత పనికిరాదు.

పెడల్‌ను కలిపిన తర్వాత డికేను అత్యంత తక్కువలో పెట్టి, ఫోన్ మెట్రోనోమ్‌ను 100కు పెట్టండి. కింది ఇ తీగను ఖాళీగా, చూపుడువేలు-మధ్యవేలు మార్చి మార్చి, ఒక బీటుకు నాలుగు చొప్పున మీటుతూ నోటితో "తకధిమి" అనండి. ఆ నాలుగు అక్షరాలకు నాలుగు సార్లు పెడల్ నోరు తెరుచుకుని మూసుకుంటోందా అని వినండి. మొదటి అక్షరం మీద మాత్రమే తెరుచుకుని మిగిలిన మూడూ ఒకే వెలుగులో సాగిపోతుంటే ఆ వేగానికి ఆ పెడల్ సరిపోలేదు. సరిపోతే 120కి, తర్వాత 140కి పెంచండి. గరగర మొదలైతే డికేను కొద్దిగా పెంచి చూడండి. గరగర పోయేసరికి నోట్లు కలిసిపోతే, ఆ పెడల్‌కు మీ వేగంలో చోటు లేదు. ఈ ఒక్క పరీక్షకు పదిహేను నిమిషాలు పడుతుంది, దీనికి లొంగిన పెడల్‌నే ముందుకు తీసుకువెళ్లండి.

తర్వాత ఎ తీగ మీద అయిదో మెట్టు, దాని ఆక్టేవ్ అయిన జి తీగ ఏడో మెట్టు మధ్య ఎగురుతూ వాయించండి. పై నోటు మీద ఫిల్టర్ ఎక్కువగా తెరుచుకుని, కింది నోటు మీద తక్కువగా తెరుచుకుంటే మీ వేళ్ల బలంలోనే తేడా ఉందేమో చూసుకోండి. అలా కాకపోతే ఆ పెడల్ ఎన్వలప్ ఫాలోయర్ పై శబ్దాలకు ఎక్కువగా స్పందిస్తోందన్నమాట, ఆక్టేవ్ లైన్లు ఎక్కువగా వాయించేవారు దాన్ని వదిలేయడం మంచిది. చివరగా ఫోన్‌లో అర నిమిషం రికార్డు చేసుకుని, ఆ వీడియోను సగం వేగంతో వినండి. దుకాణంలో ఉత్సాహం మీద వినపడని ఖాళీలు, కలిసిపోయిన నోట్లు అక్కడ స్పష్టంగా బయటపడతాయి.

చేతివేళ్లతో గేటు వేయండి

ఫిల్టర్ మూసుకోవాలంటే శబ్దం తగ్గాలి. తీగ సాగుతూనే ఉంటే ఏ పెడల్ అయినా తెరుచుకునే ఉంటుంది. అందుకని ప్రతి నోటు తర్వాత ఎడమచేతి వేలిని తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తకుండా కొంచెం సడలించి తీగను ఆపండి. ఖాళీ తీగ అయితే కుడిచేతి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర ఆనించండి. మా ఇంట్లో నేను బ్రిడ్జికి దగ్గరగా, తీగల కింద గిన్నెలు తోమే స్పాంజిలోంచి అంగుళం వెడల్పున కోసిన ముక్కను దూరుస్తాను. అది తీగ సాగుదలను సగానికి పైగా తగ్గిస్తుంది, ఒక్కో నోటు మీట నొక్కి వదిలినట్టుగా ఆగుతుంది, వేళ్లకు శ్రమ కూడా తగ్గుతుంది. స్పాంజి మరీ మందంగా ఉంటే తీగ పూర్తిగా మూగబోతుంది, మరీ సన్నగా ఉంటే ప్రయోజనం ఉండదు, కనుక రెండు మూడు మందాలు కోసి చూసుకోండి.

మీటే బలం సమానంగా ఉండాలి. రెండు వేళ్లలో ఒకటి ఎప్పుడూ బలహీనంగా ఉంటుంది. ఫిల్టర్ ఆ తేడాను దాచదు, పెద్దది చేసి చూపిస్తుంది. ఇంట్లో పెడల్ పెట్టుకుని నెమ్మదిగా సాధన చేస్తే వేళ్లు వాటంతట అవే సమానం అవుతాయి.

పెడళ్ల క్రమాన్ని సరిచేయండి

కంప్రెసర్‌ను ఫిల్టర్‌కు ముందు పెట్టకండి. కంప్రెసర్ చేసే పనే శబ్దం హెచ్చుతగ్గులను తగ్గించడం. అప్పుడు లస్కరుకు నీటిమట్టం ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది, తలుపు కదలదు. కంప్రెసర్‌ను గానీ లిమిటర్‌ను గానీ ఫిల్టర్ తర్వాత పెడితే, క్యూ పదును వల్ల ఎగిసే శబ్దాన్ని అది అదుపులో ఉంచుతుంది. ఆక్టేవ్ పెడల్‌ను మాత్రం ఫిల్టర్‌కు ముందు పెట్టండి. బాస్ కంపెనీ ఓసీ-2తో ఒక ఆక్టేవ్ కిందికి దించి, దాన్ని ఫిల్టర్ గుండా పంపే పద్ధతి చాలా ఏళ్లుగా సింథ్ బేస్‌కు ప్రసిద్ధం. కింది ఇ తీగ మీది తొలి మెట్లలో ఆక్టేవ్ తడబడుతుంది కనుక ఆ లైనును పై తీగల మీదికి మార్చుకుని వాయించండి.

ఫజ్, అంటే శబ్దాన్ని బాగా గరుకుగా మార్చే పెడల్, విషయంలోనే అసలైన ఆలోచన కావాలి. తీగ శబ్దం కొద్దిసేపటికే పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) పోగొట్టుకుని గుండ్రంగా అయిపోతుంది. సింథసైజర్‌లోని రంపపు పళ్ల తరంగంలో అన్ని హార్మోనిక్స్ ఉంటాయి కాబట్టే ఫిల్టర్‌కు కోయడానికి అంత సరుకు దొరుకుతుంది. ఆ సరుకు మనకు ఫజ్ ఇస్తుంది. అయితే ఫజ్ కూడా శబ్దం హెచ్చుతగ్గులను చదును చేస్తుంది. ఇక్కడే క్యూ-ట్రాన్ ప్లస్ లాంటి పెడల్‌లోని లూప్ ఉపయోగం: ఎన్వలప్ ఫాలోయర్ మీ వేళ్ల శబ్దాన్ని చూస్తుంది, ఫిల్టర్ మాత్రం లూప్‌లోని ఫజ్ శబ్దాన్ని కోస్తుంది. లూప్ లేని పెడల్ అయితే ఫజ్‌ను ముందు పెట్టినా, స్పాంజితోను అరచేతితోను ప్రతి నోటును గట్టిగా ఆపితే మంచి ఫలితం వస్తుంది. ఫజ్ ప్రతి నోటు బలాన్ని సమానం చేస్తుంది, మీ ఆపుదల గేటులా పనిచేస్తుంది, ఫిల్టర్ ప్రతిసారీ ఒకే కొలతలో తెరుచుకుంటుంది. నిజానికి ఎక్కువ వేగాలలో నాకు ఈ రెండో పద్ధతే ఎక్కువ నచ్చింది, అది సింథసైజర్ మీట నొక్కినప్పుడు జరిగేదానికి దగ్గరగా ఉంటుంది.

తీగలు కూడా ఈ సరుకులో భాగమే. అంతర్వేది, ఓడలరేవు, కాకినాడ వైపు ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పుపట్టి మసకబారతాయి, మసకబారిన తీగతో ఫిల్టర్ ఎంత తెరుచుకున్నా వెలుగు రాదు. కార్యక్రమం అయిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగల కింది వైపు కూడా తుడవండి.

వేదిక మీదికి తీసుకువెళ్లండి

పల్లెటూళ్లలో షామియానా కింద జనరేటర్ మీద నడిచే కార్యక్రమాల్లో లైట్ల డిమ్మర్లకు, సౌండ్‌కు ఒకే లైను ఇస్తుంటారు. ఫిల్టర్ తెరుచుకున్న ప్రతిసారీ డిమ్మర్ల వల్ల వచ్చే గుర్రుగుర్రు కూడా దానితో పాటు "వౌ" అంటుంది. ఇతర పెడళ్లతో ఒకే అడాప్టర్‌ను పంచుకోకుండా, ప్రతి పెడల్‌కు విడిగా ఐసొలేటెడ్ అవుట్‌పుట్ ఉన్న పవర్ సప్లయిని వాడండి. ఆ పెడల్‌కు ఎన్ని వోల్టులు కావాలో, ప్లగ్ మధ్యలో ఉండాల్సింది పాజిటివా నెగెటివా అనేదీ కలిపే ముందే చూసుకోండి. బ్యాటరీతో నడిచే పెడల్ అయితే కొత్త బ్యాటరీతోనే వేదిక ఎక్కండి. బ్యాటరీ సగం అయిపోయాక ఫిల్టర్ స్పందన మారిపోవచ్చు.

సౌండ్ చెక్‌లో డీఐ (బేస్‌ను మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) నుంచి మిక్సర్‌కు వెళ్లే శబ్దాన్ని క్యూ పదును తగిలినప్పుడు చూడమని సౌండ్ ఇంజనీరుకు చెప్పండి, "ఏవండీ, ఈ పాటలో బేస్ ఒక్కసారిగా ఎగుస్తుందండీ, కాస్త లిమిటర్ పెట్టండి" అని ముందే అంటే ఆయన కూడా సిద్ధంగా ఉంటారు. ఇంట్లో సరిచేసుకున్న సెన్సిటివిటీ వేదిక మీద కాస్త తగ్గించాల్సి వస్తుంది, ఎందుకంటే జనం ముందు అందరం ఇంటికంటే గట్టిగానే మీటుతాం. ఆ రెండు స్థానాలనూ ఒకసారి తేల్చుకున్న తర్వాత, పెడల్ మీద గుండీ పక్కన తెల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఇంటి కొలతను ఒక గీతతో, వేదిక కొలతను రెండు గీతలతో మార్కర్ పెన్నుతో గుర్తుపెట్టుకోండి. చీకటిలో, పాట మొదలయ్యే రెండు సెకన్ల ముందు వంగి చూసినా ఆ గీతలు కనిపిస్తాయి.